హెల్మెట్ పట్టని తల

క్రేన్ పనిలో ఒక రూలు ఉంది. ఆపమని ఎవరైనా చెప్పొచ్చు. ఊడ్చేవాడు చెప్పొచ్చు, టీ తెచ్చేవాడు చెప్పొచ్చు. దారిన పోయేవాడెవడో కంచెలోంచి తొంగిచూసి చెయ్యి అడ్డంగా ఊపినా సరే, పైన క్యాబిన్లో కూర్చున్న ఆపరేటరు ఉన్నపళంగా ఆపి తీరాలి. ఎత్తమని మాత్రం ఒక్కరే చెప్పాలి. ఆ ఒక్కరు నేల మీద నిలబడి చేతులతో సైగలు చేసే మనిషి. ఆ మనిషి ఒక్క ఇటుక మొయ్యడు, ఒక్క బోల్టు బిగించడు. అయినా ఆ చెయ్యి లేవకపోతే కట్టడం జానెడు కూడా లేవదు.

ఇంజనీర్లు ఈ రూలుని అందంగా అచ్చు వేయించి గోడకి తగిలిస్తారు. అది ఎవరో నలిగి చచ్చాక పుట్టిన రూలు అని మాత్రం రాయరు. సరే, ఆ గొడవ ఇంకోసారి.

ఆఫీసుల కోసమని కడుతున్న ఒక పెద్ద భవనం దగ్గర ఈ సైగల పని ఒక ఆడమనిషి చేసేది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసిందంటే కాంక్రీటు మిక్సరు హోరులో కూడా పై అంతస్తువాళ్ళు ఉలిక్కిపడి చూసేవాళ్ళు. అందుకని అందరికీ ఆమె ఈల. పైన క్యాబిన్లో కూర్చునేది ఆమె మొగుడు. అతన్ని బుర్ర అనేవాళ్ళు. ఎందుకో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. స్టోరులో ఉన్న అన్నిటికన్నా పెద్ద హెల్మెట్ అతని నెత్తిన సాసరు బోర్లించినట్టు కూర్చునేది. ఇంకా పెద్దది కావాలంటే కంపెనీవాళ్ళు, మనుషులకి తయారయ్యే సైజులు ఇంతేనన్నారు. అంటే పట్టనివాడు మనిషి లెక్కలోకి రాడన్నమాట. చివరికి కుట్టుపని చేసే అతని తల్లి ఆ హెల్మెట్ లోపలి పట్టీలు పీకేసి, సన్నటి గుడ్డ పట్టీ కుట్టి, గడ్డం కింద ముడి వేసుకోవడానికి తాళ్ళు పెట్టి ఎలాగో నిలబెట్టింది.

బుర్ర మీద జోకు పేలని పూట లేదు. అతనూ నవ్వేవాడు, కాకపోతే ఆలస్యంగా. కింద అందరూ నవ్వి, నవ్వడం మర్చిపోయి, పనిలో పడ్డాక పైనుంచి ఒక్క నవ్వు వినిపించేది. సైకిలు తొక్కడం రాదు. మాట అడిగితే జవాబు వచ్చేలోపు టీ చల్లారేది. కానీ క్రేన్ మీద అతనంత నమ్మకమైనవాడు లేడు. తెలివైన ఆపరేటర్లు సైగ పూర్తికాకముందే ఊహించేసుకుని లీవరు లాగేస్తారు. బుర్ర ఊహించుకోడు. చెయ్యి ఏం చెప్పిందో అదే చేస్తాడు, చెప్పేదాకా కదలడు. ఈల అతన్ని ఇష్టపడింది అందుకే. గాజు పలకలు ఎత్తే రోజుల్లో ఆమె 'మెల్లగా ఎత్తు' సైగ చేసేది. కుడిచేతి చూపుడువేలు పైకి పెట్టి చిన్న చిన్న సున్నాలు చుడుతూ, దాని మీద ఎడమ అరచెయ్యి కదలకుండా గొడుగులా పట్టాలి. ఆ సైగకి అంత మెత్తగా బరువు లేపే మనిషిని తను ఎక్కడా చూడలేదని, అలాంటివాడు ఇంట్లో కూడా గిన్నెలు పగలగొట్టడని ఆమె లెక్క. గిన్నెల సంగతిలో ఆ లెక్క తప్పింది. మిగతాదంతా కరెక్టే.

ఈలకి కడుపని తెలియగానే కంపెనీ ఆమెను జాగ్రత్త కోసమని చెప్పి స్టోరులో బోల్టులు ఏరే పనిలో కూర్చోబెట్టింది. అడిగి కాదు, చెప్పి. ఆమె చోటుకి ఇంకొకణ్ణి తెచ్చారు. వాడి పేరు ఎవరూ అడగలేదు, కొత్తోడు అన్నారు. అలా ఉండిపోయింది.

అయిదో నెల స్కాన్ రోజున, తెర చూస్తూ కబుర్లు చెబుతున్న టెక్నీషియన్ ఒక్కసారిగా నోరు మూసేసింది. కడుపు మీద ఒకే చోట మళ్ళీ మళ్ళీ స్కాన్ పరికరాన్ని జరిపింది. తరవాత లోపలికి పిలిచి పెద్ద డాక్టరు చెప్పింది ఇదీ: బిడ్డ మెదడు రెండు సగాలూ బాగానే పెరుగుతున్నాయి, కానీ ఆ రెంటినీ కలిపే మందపాటి నరాల కట్ట, వంతెనలాంటిది, కనిపించడం లేదు. తల కూడా నెలలకి మించి పెద్దగా ఉంది. ఉమ్మనీరు తీసి జన్యువులు చూస్తే కారణం తెలియొచ్చు. ఈలోగా కంగారు పడొద్దు.

కంగారు పడొద్దని చెప్పాక కంగారు పడనివాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఈలకి మొదట గుర్తొచ్చింది రంగుల షెడ్డు. కడుపని తెలియని తొలి వారాల్లో ఆమె నిలబడ్డ చోటు ఆ షెడ్డు పక్కనే. ఇనుప దూలాలకి రంగు కొడుతుంటే ఆ వాసన పగలంతా ముక్కుకి పట్టేసేది. నేనే పీల్చాను, నేనే పోశాను బిడ్డకి, అని ఆమె మనసులో ఒకటే పోరు. ఆ మాట మొగుడికి చెప్పలేదు. అన్నకి చెప్పింది. అక్కడే చెడింది.

ఆమె అన్న వెల్డరు, యూనియన్ మనిషి. చేతిలో మైకు లేకపోయినా గేటు అవతలికి వినిపించే గొంతు కాబట్టి అందరూ మైకు అనేవాళ్ళు. చెల్లెలి కన్నీళ్ళు చూసి ఆగిపోయే రకం కాదు. మర్నాటికల్లా గేటు ముందు ఒక పెద్ద గుడ్డ బ్యానరు లేచింది: 'రంగుల పొగ తల్లి కడుపులో బిడ్డ మెదడు తినేసింది.' పేరు రాయలేదు, కానీ సైటులో కడుపుతో ఉన్నది ఒక్కతే. పెయింటర్లు పని ఆపి బయటికొచ్చారు. మైకు చాలాకాలంగా మాస్కులు అడుగుతున్నాడు, కంపెనీ చాలాకాలంగా చూద్దాం అంటోంది. అడిగింది న్యాయమే. ఆ న్యాయానికి చెల్లెలి కడుపుని కర్రగా వాడుకున్నాడు, అంతే తేడా. ఇలాంటి తప్పు మంచివాళ్ళే చేస్తారు. చెడ్డవాళ్ళకి అంత తొందర ఉండదు.

ఉమ్మనీటి ఫలితం వచ్చిందని పిలుపు వచ్చినప్పుడు ముగ్గురు వెళ్ళారు, ఈల, బుర్ర, అత్త. జన్యువుల డాక్టరమ్మ గది చిన్నది. కుర్చీలు రెండే ఉంటే బుర్ర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ తెల్ల కాగితం మీద బొమ్మలు గీస్తూ చెప్పింది. కడుపులో బిడ్డ మెదడు ఒక్కసారిగా ముద్దలా తయారవదు. కణాలు లోపలి గోడ దగ్గర పుడతాయి, అక్కడినుంచి పైకి పాకి వేటి చోటుకి అవి చేరతాయి. తరవాత తీగలు చాచి అవతలి సగంలోని కణాలని అందుకుంటాయి. ఇవన్నీ వరసలో జరగాలి. ఒకటి ముందు, ఒకటి వెనక.

"ఆ వరస చెప్పే జన్యువులు కొన్ని ఉంటాయమ్మా. అవి వాటంతటవి ఏమీ కట్టవు. మిగతా జన్యువులకి చెబుతాయి, నువ్వు మొదలెట్టు, నువ్వు ఆపు, నీ వంతు ఇంకా రాలేదు, అని. మీ బిడ్డలో అలాంటి ఒకదాంట్లో ఒక అక్షరం పోయింది."

 ఈల నవ్వొచ్చినట్టు మొహం పెట్టింది.

"అదేంటండీ, అది నా ఉద్యోగమే కదా."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. ఈల లేచి నిలబడి, ఆ ఇరుకు గదిలోనే ఎత్తు, దించు, తిప్పు, ఆపు, అన్నీ చేసి చూపించింది. గోడకి ఆనుకున్న బుర్ర చెయ్యి తనకి తెలియకుండానే లేని లీవరు మీద కదిలింది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసి చూసింది.

ఇక అక్కడినుంచి మాటలు సులువయ్యాయి. బిడ్డలో ఆ సైగల మనిషి అసలే లేడా అని ఈల అడిగింది. ఉన్నాడంది డాక్టరమ్మ, తల్లి ఇచ్చినది ఒకటి, తండ్రి ఇచ్చినది ఒకటి, ఇద్దరుండాలి, ఇప్పుడు ఒక్కడే పనిచేస్తున్నాడు. ఒక్కడే రెండు కొక్కేల కింద నిలబడితే ఎక్కడో ఒక చోట పని వెనకబడుతుందని ఈల అంటే, అవును, ఎక్కడ వెనకబడుతుందో, ఎంత వెనకబడుతుందో మాత్రం పుట్టకముందు చెప్పలేనంది. కొందరు పిల్లలు ఆలస్యంగా కూర్చుంటారు, ఆలస్యంగా నడుస్తారు, మాటలు ఆలస్యం. కొందరికి బడిలో తోడు కావాలి. కొందరికి మూర్ఛలు రావచ్చు. కొందరు తేడా ఏమీ బయటపడకుండానే పెరిగిపోతారు. ఇన్ని మాటల్లో ఎక్కడా తియ్యగా అబద్ధం చెప్పలేదు. తెలియనిచోట తెలియదు అంది. పెద్ద చదువు చదివి ఆ మాట అనేవాళ్ళు అరుదు.

"రంగుల పొగ వల్లేనా?" అని అడిగింది ఈల.

"కాదమ్మా. ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, దానికి వేరే పోట్లాడండి. కానీ ఈ అక్షరం పొగ వల్ల పోలేదు. బిడ్డ మొదలైనప్పుడే ఇలా ఉంది. నువ్వు ఎక్కడ నిలబడ్డా ఇలాగే ఉండేది."

ఈల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. వారాల తరబడి మోసిన బరువు దింపుకున్న చేతులు అవి.

తరవాత డాక్టరమ్మ తల్లిదండ్రుల తలలు కొలుస్తానంది. సొరుగులో ఉన్నది పసిపిల్లల తలలు కొలిచే కాగితం టేపు. ఈల తలకి చుట్టు తిరిగొచ్చింది. బుర్ర తలకి కొసకి కొస అందలేదు. నుదుటి మీద వేలెడు ఖాళీ.

"హెల్మెట్టుది కూడా ఇదే గోలండీ," అన్నాడు బుర్ర, తప్పు తనదే అన్నట్టు.

డాక్టరమ్మ నవ్వలేదు. టేపు అలాగే పట్టుకుని అత్త వైపు తిరిగింది. మీవాడు ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాట్లాడాడు అని అడిగింది. అత్త చటుక్కున చెప్పింది, ఏడాది నిండగానే పరుగులు పెట్టాడని, మాటలు మొదలెట్టాక ఆపలేక చచ్చామని. బుర్ర మాటల్ని ఆపలేకపోవడం! ఈల తల తిప్పి అత్తను చూసింది. అత్త కిటికీ చూసింది.

మొగుడూ పెళ్ళాల ఇద్దరి రక్తం తీసుకున్నారు. ఆ అక్షరం వాళ్ళలో ఎవరికైనా పోయి ఉంటే అదొక ఆధారం. ఎవరికీ పోకపోతే, బిడ్డలోనే కొత్తగా జరిగిందనుకోవాలి, అప్పుడు ముందేం జరుగుతుందో చెప్పడం ఇంకా కష్టం. కడుపు వద్దనుకుంటే దానికి చట్టం ఇచ్చిన గడువు ఉంది, ఫలితం ఆ గడువుకి కాస్త ముందే వస్తుంది. ఉంచుకున్నా, వద్దనుకున్నా నేను మీ పక్కనే ఉంటానని డాక్టరమ్మ చెప్పి పంపింది.

ఆ మధ్య రోజుల్లో అందరి చేతులూ అడ్డంగానే ఊగాయి. పక్కింటావిడ వచ్చి మంచి మాటగా చెబుతున్నానంటూ ఆపమంది. స్టోరు గుమాస్తా, ఎవరూ అడక్కుండానే, మా చుట్టాల్లో ఒకరికి ఇలాగే అంటూ మొదలెట్టి ఆపమన్నాడు. ఈల ఎవరి మీదా విరుచుకుపడలేదు. ఆపమనడానికి ఎవరికైనా హక్కుంది, అది ఆమె పని నేర్పిన రూలే. ఆపడమంటే పని మానేయడం కాదు. ఆగి, కొక్కెం చూసి, తాడు చూసి, కింద మనుషులెవరైనా ఉన్నారేమో చూసి, అప్పుడు చెయ్యి కదపాలి.

మైకు కూడా వచ్చాడు. పొగ వల్ల కాదని తెలిసినా బ్యానరు తీయలేదు. జనం కదిలారు, ఇప్పుడు తీస్తే చప్పబడిపోతుంది, ఎవరికి తెలుస్తుందిలే అన్నాడు. తరవాత బిడ్డ సంగతికొచ్చాడు. మనలాంటివాళ్ళ ఇళ్ళలో ఇలాంటి బిడ్డని బడి పట్టించుకోదు, ఆసుపత్రి పట్టించుకోదు, నువ్వు ఒక్కదానివే ఈడ్చుకోవాలి, బుద్ధిగా ఆలోచించు అన్నాడు. ఈల బోల్టుల డబ్బా పక్కన పెట్టి లేచింది.

"అన్నా, గేటు దగ్గర లోకాన్నే మార్చేస్తానంటావు. నా దగ్గరకొచ్చి నన్ను మారమంటావేంటి?"

మైకు నెత్తి మీది వెల్డింగు అద్దాలు తీసి చొక్కా కొసతో తుడవడం మొదలెట్టాడు. 

"ఇంకోటి. నా కడుపుని నీ బ్యానరుకి అద్దెకివ్వను. అది తీసెయ్. మాస్కులు నీ ఊపిరితిత్తులు చూపించి అడుగు. రేపు కంపెనీ వాడు డాక్టరు కాగితం తెచ్చి అబద్ధమని చూపిస్తే, మాస్కు అడిగిన ప్రతివాడూ అబద్ధాలకోరే అవుతాడు."

మైకు అటు తిరిగి వెళ్ళిపోయాడు. అలిగాడని అందరూ అనుకున్నారు. అలిగాడు కూడా.

బరువు అక్కడ లేదు. అసలు బరువు ఇంట్లో ఉంది. అందరికన్నా గట్టిగా ఆపమంటున్నది అత్త. వయసుంది, మళ్ళీ పుడతారు, తీయించేద్దాం, రోజూ ఇదే పాట. కోడలి పని ప్యాంటు నడుము దగ్గర విప్పి వదులు చేస్తూ, ఆ మాట అంటూనే కుట్టేది. ఒక సాయంత్రం మిషను ఆడుతుండగా ఈల వెళ్ళి ఎదురుగా కూర్చుంది. డాక్టరు దగ్గర ఎందుకు అబద్ధం చెప్పావు అత్తయ్యా అని నేరుగా అడిగేసింది. మిషను ఆగలేదు. ఆమె చెయ్యి చాచి చక్రం పట్టుకుని ఆపింది.

అత్త తల ఎత్తకుండానే చెప్పింది. వాడు ఏడాదికి మెడ నిలబెట్టాడు. నడక వచ్చేసరికి వాడి ఈడు పిల్లలు గోడలు దూకుతున్నారు. మాట అయితే, ఇక రాదనే అనుకుంది. వాళ్ళూ వీళ్ళూ వచ్చి తల చూసి, లోపల నీళ్ళున్నాయన్నారు, పాపం చేశావన్నారు, ఎవరికైనా ఇచ్చేయమన్నారు. మొగుడు ఆ మాటలు వినలేక పనికని వెళ్ళి తిరిగి రావడమే తగ్గించేశాడు. బడిలో వాణ్ణి తలుపు పక్కన కూర్చోబెట్టేవాళ్ళు, లోపలికీ కాదు, బయటికీ కాదు. ఈల వాళ్ళతో పెళ్ళి మాటలప్పుడు ఇదంతా మింగేసింది. చెబితే ఎవరిస్తారు పిల్లని?

"నేను పడింది నువ్వు పడకూడదనే అంటున్నానే అమ్మాయ్. నీ మీద కోపమా నాకు?"

గుమ్మంలో చప్పుడైంది. షిఫ్టు దిగి వచ్చిన బుర్ర హెల్మెట్ తాళ్ళు ముడి విప్పకుండానే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో. అతనికి జవాబులే కాదు, ప్రశ్నలు కూడా ఆలస్యంగానే వస్తాయి. ఇద్దరూ ఎదురుచూశారు.

"నన్ను ఉంచుకున్నందుకు బాధపడ్డావా అమ్మా?"

అత్త మిషను మీదినుంచి లేచింది. కొడుకు దగ్గరకెళ్ళి గడ్డం కింద ముడి విప్పి హెల్మెట్ తీసి, లోపల తను కుట్టిన పట్టీ తడిసిపోయి ఉంటే కొంగుతో తుడుస్తూ, చాలాసేపు ఆ పట్టీనే తుడిచింది.

"నువ్వు ఎప్పుడూ బరువు కాలేదురా. చుట్టూ ఉన్న జనం బరువయ్యారు."

ఈల నేల మీదే కూర్చుని ఉంది. "మరి ఇప్పుడు దీని చుట్టూ ఉండే జనం మనమే కదా అత్తయ్యా. నువ్వప్పుడు ఒక్కదానివి. నాకు నువ్వున్నావు," అంది.

అత్త ఏదో తిట్టబోయింది.  ముక్కు చీదుకుని, ప్యాంటు నడుము ఇంకాస్త వదులు చెయ్యాలి, నువ్వు తిండి బాగా తింటున్నావు అని మళ్ళీ మిషను ఎక్కింది. ఆ రోజు తరవాత ఆమె నోటినుంచి ఆపు అన్న మాట రాలేదు. ఎత్తు అని కూడా అనలేదు. మర్నాడు తనొక్కతే డాక్టరమ్మ దగ్గరకెళ్ళి, ముందు చెప్పిందంతా అబద్ధమమ్మా, రాసుకున్నది కొట్టేసి మళ్ళీ రాసుకో, అని మొదటినుంచి చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. కొడుకు తలకి పెద్ద స్కాన్ తీయిద్దాం, పంపించండి అంది.

ఆ యంత్రంలో తల పెట్టడానికి పంజరంలాంటిది ఒకటి ఉంటుంది. బుర్ర తల అందులో పట్టడానికి ఇద్దరు కష్టపడ్డారు. ఇది కూడా మనుషుల సైజుకే చేశారాండీ అని అతను అడిగాడని, యంత్రం నడిపేవాడు బయటికొచ్చి నవ్వుకున్నాడని అత్త తరవాత అందరికీ చెప్పుకుంది.

ఫలితాలు రెండూ కలిపి చూపించింది డాక్టరమ్మ. బిడ్డలో పోయిన అక్షరమే బుర్రలోనూ పోయింది. అదే జన్యువు, అదే చోటు. స్కాన్ బొమ్మ కూడా వెలుగు పలక మీద పెట్టింది. రెండు సగాల మధ్య మందంగా ఉండాల్సిన వంతెన లేదు. ముందువైపు దారప్పోగంత సన్నటి ముక్క ఒకటి ఉంది, అంతే. ఆ తలతోనే అతను పెరిగాడు, మాటలు నేర్చాడు, పెళ్ళి చేసుకున్నాడు, భవనాలు లేపాడు. దగ్గరి దారి లేకపోతే తీగలు చుట్టు దారులు వెతుక్కుంటాయి, అందుకే కాస్త ఆలస్యం అంది డాక్టరమ్మ. వెంటనే వేలు చూపించి ఇంకో మాట కూడా అంది. తండ్రికి తేలిగ్గా పోయిందంటే బిడ్డకీ తేలిగ్గా పోతుందని ఆశ పెట్టుకోవచ్చు, హామీ మాత్రం కాదు. అదే అక్షరం ఒకే ఇంట్లో ఒకరిని తేలిగ్గా, ఒకరిని గట్టిగా పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. ముందే తెలిసింది కాబట్టి పుట్టిన తొలి నెలలనుంచే వ్యాయామం, మాటల శిక్షణ మొదలుపెట్టొచ్చు. అతనికి అవేవీ దొరకలేదు.

బుర్ర ఆ బొమ్మనే చూస్తూ నిలబడ్డాడు. ఆడవాళ్ళు ముగ్గురూ లేచి తలుపు దాకా వచ్చేశారు. అప్పుడు నవ్వాడు.

"ఇన్నాళ్ళూ వంతెన లేకుండానే అటూ ఇటూ తిరిగానా నేను?"

డాక్టరమ్మ కూడా నవ్వేసింది. అత్త మాత్రం ఆ బొమ్మ దగ్గరకి వెనక్కి వెళ్ళి, ఆ దారప్పోగు మీద వేలు పెట్టి చూసి, ఇంత సన్న దారంతో లాగాడా నా కొడుకు అంది. దారాల సంగతి ఆమెకి తెలుసు.

ఇంటికొచ్చేదాకా ఎవరూ ఈలను ఏమీ అడగలేదు. అడగొద్దని కాదు. ఎవరి చెయ్యి కదలాలో ముగ్గురికీ తెలుసు కాబట్టి. ఇంకొక ఆడమనిషి ఇవే కాగితాలు చూసి వద్దు అనొచ్చు. ఆమె చెయ్యి ఆమెది, అందులో వేలు పెట్టే హక్కు ఏ మగాడికీ, ఏ అత్తకీ, ఏ పెద్దమనిషికీ లేదు. ఈల రెండు రోజులు బోల్టులు ఏరుతూ ఆలోచించింది. మూర్ఛల గురించి ఆలోచించింది. బడి తలుపు పక్కన కూర్చున్న పిల్లవాడి గురించి ఆలోచించింది. ఆ తలుపు గురించి కోపంగా కూడా ఆలోచించింది.

గడువు ఇంకా మిగిలి ఉండగానే, ఒక మధ్యాహ్నం ఆమె డబ్బా మూత పెట్టి స్టోరులోంచి బయటికొచ్చింది. గేటు దగ్గర బ్యానరు మారి ఉంది. పాతది మైకు తన చేతులతోనే తీసి, గుడ్డ వృథా కాకుండా వెనక్కి తిప్పి రాయించాడు: 'ఊపిరితిత్తులు అందరివీ. మాస్కులు అందరికీ.' కింద కాస్త చిన్న అక్షరాల్లో: 'హెల్మెట్లు తల సైజుకి.' ఆ వారం కంపెనీ పెయింటర్లకి మాస్కులు పంచింది. హెల్మెట్ల సంగతి చూద్దామంది. చూద్దాం.

క్రేన్ కింద కొత్తోడు నిలబడి ఉన్నాడు. అప్పుడే ఒక మోపు పైకి చేర్చి, ఖాళీ కొక్కెం కిందికి వచ్చి ఆగి ఉంది. ఈల వెళ్ళి, ఒక్క నిమిషం నాకివ్వు అంది. రూలు ప్రకారం ఒకరు తప్పుకుంటేనే ఇంకొకరు సైగ చెయ్యాలి. కొత్తోడు సైగల మనిషి వేసుకునే పచ్చ కోటు విప్పి ఇచ్చి పక్కకి జరిగాడు. కోటు పొట్ట మీద మూసుకోలేదు. వెల్డింగు చేస్తున్న మైకు కళ్ళద్దాలు నెత్తికెత్తుకుని చూశాడు. పై అంతస్తుల్లో ఇద్దరు ముగ్గురు పని ఆపారు. నెలల తరవాత ఆమె రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.

క్యాబిన్ అద్దంలో పెద్ద తల కిందికి వంగింది.

ఆమె కుడిచేతి చూపుడువేలు పైకి పెట్టింది. చిన్న చిన్న సున్నాలు చుట్టింది. దాని మీద ఎడమ అరచెయ్యి గొడుగులా పట్టింది.

ఏమీ కదలలేదు. కొత్తోడు పైకి చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ పైకి చూశాడు. ఏమీ లేకుండా ఏం ఎత్తమంటున్నావక్కా అని గొణిగాడు. ఈల చెయ్యి దించలేదు. ఆ మనిషికి ఎంత టైము పడుతుందో ఆమెకి తెలుసు. సున్నాలు చుడుతూనే ఉంది.

అప్పుడు తాడు బిగిసింది. కొక్కెం నేల మీదినుంచి లేచింది, గాజు మోస్తున్నంత మెత్తగా, వణుకు లేకుండా, ఒక్కో అంతస్తూ దాటుకుంటూ పైకి వెళ్ళింది. మైకు అద్దాలు కళ్ళ మీదకి దించుకున్నాడు, అవసరం లేకపోయినా. ఈల చెయ్యి అడ్డంగా ఊపి ఆపింది. కోటు విప్పి కొత్తోడికిచ్చింది.

స్టోరు తలుపు దాకా వెళ్ళి, బోల్టుల డబ్బా మూత తీస్తుండగా, పైనుంచి నవ్వు వినిపించింది.